ముగ్గుపిండి మీద తడి గీత

బండ్లు బాగుచేసే మేస్త్రి పోయాడన్న కబురు నాకు టీ అంగడాయన చెప్పాడు. పుంగనూరులో మదనపల్లె రోడ్డు మీద ఆ అంగడికీ మేస్త్రి షెడ్డుకూ మధ్య ఒక్క రేకు గోడే అడ్డం. "పొద్దున్నే టీ తాగినాడు పెద్దాయనా. గ్లాసు బెంచీ మీద పెట్టినాడు, గోడకు ఆనుకున్నాడు. కండ్లు మూసుకోని ఇంజన్ శబ్దం వింటాడు కదా, అట్లే ఉండాడు. వింటాండాడేమో అనుకుంటి. పిలిస్తే పలకలే" అన్నాడు ఫోన్లో.

మా అమ్మాయి అప్పుడు మదనపల్లె మార్కెట్లో టమోటా క్రేట్లు దించుతూ ఉంది. ఫోన్ చేసి చెప్పాను. మార్కెట్ గోలలోనుంచే, "ఏ బండి శబ్దం వింటాండాడు నాయనా?" అని అడిగింది.

చావు కబురు విని అడిగే మాటేనా అది అని మీకు అనిపించవచ్చు. మేస్త్రిని ఎరిగిన వాళ్ళకు అనిపించదు. ఆయన్ను గురించి ఎవరు అడగాల్సినా అదే అడగాలి. నేను టీ అంగడాయన్ను మళ్ళీ అడిగాను కూడా. ఆ వేళ షెడ్డులో బండే లేదట. మరి ఏం విన్నాడో ఆయనకే తెలియాలి.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. అయినా ఈ నాలుగు మాటలూ రాయాలని కూర్చున్నాను. ఏడ్పించడానికి మాత్రం కాదు. మనిషి పోయినప్పుడు సంతోషం గురించి రాయడం తప్పేమో తెలియదు గానీ, ఈ ముసలితనంలో నా ఇంట్లో ఇంత సంతోషం ఉందంటే సగం ఆయన పుణ్యమే. అది చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

బండి షెడ్డులోకి వస్తే మేస్త్రి ముందు మనిషిని పలకరించేవాడు కాదు. వంగి బండి కింద నేల చూసేవాడు. నేల మీద ఏదైనా తడి ఉంటే వేలితో ముట్టి, రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసేవాడు. ఆ తర్వాతే తల ఎత్తి "ఏమప్పా, బాగుండావా" అనేవాడు. దారిలో ఎదురుపడినా అంతే, పెండ్లిలో కలిసినా అంతే. ఒకసారి మా చుట్టాల పెండ్లిలో పట్టు పంచె కట్టుకుని వచ్చి, మంటపం బయట నిలిపిన బండ్లన్నిటి కిందా వంగి చూస్తుంటే, ఈయన ఏం పోగొట్టుకున్నాడని పెండ్లికొడుకు మామ తనూ వంగి వెతికాడు.

టీ గ్లాసు ఎత్తితే బెంచీ మీద గుండ్రంగా తడి మిగులుతుంది కదా. మనమైతే భుజం మీది తువ్వాలుతో తుడిచేస్తాం. ఆయన దాన్ని చూస్తూ, "ఇది అడుగున కారిందా, అంచున ఒలికి జారిందా?" అని అంగడాయన్ను అడిగేవాడు.

"టీ తాగప్పా సామీ. నా గ్లాసులు గూడా రిపేరి చేస్తావా ఏమి?" అనేవాడు అంగడాయన.

"రిపేరి యాల? తెలుసుకుందామని."

ఈ తెలుసుకుందామనే మాట ఆయన నోట్లో ఎప్పుడూ నానుతూనే ఉండేది. ఇక ఆ గుణం మా ఇంటికి ఏం చేసిందో చెప్తాను.

మాకు ఒక పాత పికప్పు బండి ఉంది. నేను కొనేటప్పటికే పాతది. దాన్లోనే ఏండ్ల తరబడి మా పల్లె రైతుల టమోటాలు మదనపల్లెకు తోలాను. మోకాళ్ళు పోయి క్లచ్చి తొక్కలేని దశ వచ్చాక బండి చెట్టు కింద నిలిచిపోయింది. అదే కాలంలో మా అమ్మాయి అత్తగారింటి నుంచి వచ్చేసింది. ఆ సంగతి ఆమెది, ఇక్కడ రాయను. వచ్చిన కొన్నాళ్ళకు, గూట్లో ఉన్న తాళం తీసుకుని, "నాయనా, నేను తోల్తా" అంది. తోలింది. మదనపల్లెకు టమోటా, టమోటా లేని రోజుల్లో కుప్పానికి బీన్సూ క్యారెట్టూ. సాయంత్రం ఆ బండి శబ్దం మా ఇంటి మిట్ట ఎక్కుతుంటే నా ప్రాణం ఎంత కుదుటపడేదో!

అలాంటి బండి ఉన్నట్టుండి నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. పొద్దున అంచు దాకా నింపి పోతే, మదనపల్లె నుంచి వచ్చేసరికి రేడియేటర్ సగం ఖాళీ. రెండుసార్లు లోడుతో దారిలో ఆవిరి చిమ్మింది. ఎండలో టమోటాలు మెత్తబడ్డాయి. రైతులు మొహం మీద ఏమీ అనలేదు గానీ వేరే బండి చూసుకుంటారని అర్థమైంది. ఎవరో చూసి ఇంజన్ హెడ్డు పోయిందనీ, అంతా విప్పాలనీ, పాత ఇంజన్‌కు అంత పెట్టేకంటే అమ్ముకోవడం మేలనీ అన్నారు. మదనపల్లె నుంచి పాత ఇనుము కొనేవాడొకడు వచ్చి బండి చుట్టూ తిరిగి, వచ్చే వారం వస్తానని పోయాడు. బండి పోతే అమ్మాయి బెంగుళూరులో బట్టల కంపెనీకి పోవాలి. ఆమెతో చదివిన వాళ్ళు అక్కడి నుంచి పిలుస్తూనే ఉన్నారు. ఆమె సంచి సర్దలేదు గానీ, సంచి ఎక్కడుందో ఒకసారి వాళ్ళమ్మను అడిగింది.

అప్పుడు నా భార్య ఒక వైద్యం చేసింది. దారిలో రేడియేటర్ కారితే పసుపు పోయడం మా వైపు డ్రైవర్లకు అలవాటే. ఈమె అక్కడితో ఆగలేదు. "సంకట్లో నీళ్ళెక్కువైతే ఏం చేస్తాం? పిండి పోస్తాం. ఇంజన్‌కు మాత్రం యాల పనికిరాదు?" అని, మేము చూడని వేళ, పసుపుతో పాటు రాగిపిండి కూడా గుప్పిళ్ళతో పోసేసింది. ఆశ్చర్యం ఏమిటంటే, రెండు రోజులు నీళ్ళు దిగలేదు! ఆమె ఆ రెండు రోజులూ ఇంట్లో మహారాణిలా తిరిగింది. మూడో రోజు పుంగనూరు దగ్గరికి వచ్చేసరికి వేడి ముల్లు ఎర్రగీత దాటింది. ట్రాక్టరుకు మోకు కట్టి మేస్త్రి షెడ్డుకు లాక్కుపోయాం.

మేస్త్రి వంగి నేల చూశాడు. బోనెట్ ఎత్తాడు. నేను తొందరపడి రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే పట్టుకున్నాడు.

"వేడి మీద మూత తియ్యొద్దప్పా. ఇంజన్‌దైనా, మనిషిదైనా."

అప్పటికి మా తిట్లు తిని, మా వెంట వచ్చిన మా ఆవిడ బండిలో మూతి ముడుచుకుని కూర్చుని ఉంది. ఇద్దరూ చల్లబడే దాకా ఆయన టీ తాగాడు. తర్వాత గుడ్డ పట్టుకుని మూత తిప్పి, లోపల వేలు పెట్టి, వేలికి అంటుకున్న ముదురు ముద్దను వాసన చూశాడు. షెడ్డంతా వినపడేలా, "అమ్మా, సంకటి బాగా కుదిరింది. ఊరుబిండి యాడ?" అన్నాడు.

సంకట్లోకి నంజుకునే పచ్చడి మాట ఎత్తేసరికి అక్కడున్న డ్రైవర్లందరూ నవ్వారు. మా ఆవిడ వెనక్కి తగ్గే మనిషి కాదు. "నీ ఇంజన్ ఊరుబిండి గూడా తింటాదని తెలిసింటే నూరే తెచ్చింటా మేస్తిరీ!" అంది.

నవ్వు అయిపోయాక ఆయన చేసిన పని నేను మరిచిపోలేను. బండి వదిలి మా ఆవిడ దగ్గరికి వచ్చి, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు: "ఎంత పిండి పోస్తివి తల్లీ? పోసినాక ఎంతకాలం నిలిచె?"

"రెండు దినాలు."

"రెండు దినాలా! అయితే కన్నం పెద్దది కాదు. పెద్దదయ్యింటే పిండి నిలవదు. సూదిమొనంత ఉంటాది." ఆయన మొహం వెలిగిపోయింది. "నువ్వు సెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

ఇంటిల్లిపాదీ తిట్టిన పనిలోనుంచి ఆయన ఒక ఆచూకీ పట్టుకున్నాడు. మా ఆవిడ ఆ వేళ నుంచి మేస్త్రిని అన్నా అని పిలవడం మొదలుపెట్టింది.

రేడియేటర్ దించి కడిగితే పసుపు గోధుమ రంగు జావ కాలువ కట్టింది. లోపలి దారులన్నీ శుభ్రం చేశాక ఆయిలు చూశాడు, నీళ్ళు కలిసి మజ్జిగలా తెల్లబడలేదు. మూత తీసి ఇంజన్ ఆన్ చేసి చూశాడు, నీళ్ళలో బుడగలు లేవలేదు. "హెడ్డు పోలేదు. విప్పేది ఎప్పుడైనా విప్పొచ్చు, ముందు సూద్దాం" అన్నాడు. ముందు వైపు వాటర్ పంపు దగ్గర కొంచెం చెమ్మ కనబడితే, అదే దొంగ అనుకుని పంపు మార్చాడు.

కొన్నాళ్ళకు నీళ్ళు మళ్ళీ దిగాయి. అమ్మాయి దిగాలుగా షెడ్డుకు పోయింది, నేనూ వెంట పోయాను. ఈయన చిన్నబోతాడేమో, ఎలా చెప్పాలా అని నా బాధ. ఆయన విని, "తప్పయిపోయెనా! మేలు మేలు. ఒక దావ మూసేస్తిమి, ఇంగ తక్కిన దావలు సూసుకోవచ్చు" అన్నాడు. తన తప్పు బయటపడితే పండగలా సంతోషించే మనిషిని నేను ఆ రోజే చూశాను.

కానీ షెడ్డులో ఎంతసేపు నిలిపినా కింద చుక్క పడలేదు. ఆయన వంగుతాడు, చూస్తాడు, లేస్తాడు. "నీళ్ళు పోతాండాయి. యాడికి పోతాండాయి?" అని తనలో తనే అనుకుంటాడు. అమ్మాయి కూడా ఆయన పక్కనే వంగి చూస్తోంది. ఉన్నట్టుండి అంది:

"మేస్తిరీ, ఈడ ఎప్పుడూ కారదు. మా ఇంటి కాడ నిలిపితేనే కారతాది. అదీ ఎనక, గేరుబాక్సు కాడ."

"మీ ఇంటి కాడ ఏముండాది పాపా?"

"ఏమీ లేదు. మిట్ట. బండి ముక్కు పైకి ఉంటాది."

మేస్త్రి చేతిలోని స్పానరు కింద పెట్టాడు. చేయి తుడుచుకున్నాడు. షెడ్డులో ఇంకో రెండు బండ్లు ఎదురు చూస్తున్నాయి. వాళ్ళతో "రవ్వంత ఉండండప్పా" అని చెప్పి, వచ్చి మా బండిలోనే ఎక్కి కూర్చున్నాడు. "పదమ్మా, మీ మిట్ట సూద్దాం."

ఇంటికి వచ్చాక ఇంజన్ పక్కలన్నీ కిరసనాయిలు గుడ్డతో తుడిచి ఆరబెట్టాడు. పాత ఇంజన్ నల్లగా జిడ్డుగా ఉంటుంది, నల్లదాని మీద నీటి చారిక కనబడదు. "తెల్లటి పొడి ఏమన్నా సల్లితే తడి దావ తెలుస్తాది. సుద్ద షెడ్డులోనే మరిచిపోతిని" అని ఆయన అంటుండగానే, మా అమ్మాయి వాకిట్లోకి పరుగెత్తి ముగ్గుపిండి డబ్బా తెచ్చింది.

"మేయ్! గడప ముందర ఏసేది ఇంజన్‌కు ఏస్తావా?" అని వాళ్ళమ్మ కేక.

మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. "తల్లేమో పిండి లోపల పోసె, బిడ్డేమో బయట సల్లె. మీ ఇంట్లో పిండి లేనిదే ఏ పనీ జరగదా తల్లీ?"

పిండి ముందు ఆయనే చల్లబోయాడు. ముద్దలు ముద్దలుగా పడింది. అమ్మాయి డబ్బా తీసుకుని, రోజూ వాకిట్లో గీత లాగినట్టే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి సన్నగా వదిలింది. ఇంజన్ పక్కంతా ఒకే తీరుగా, సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. మేస్త్రి ఆ వేళ్ళనే చూస్తూ, "ఈ సెయ్యి నాకు లేదు పాపా" అన్నాడు.

ఇంజన్ ఆన్ చేశాం. బండి ముక్కు పైకి. నలుగురమూ బోనెట్ మీదికి వంగాం. మా ఆవిడ పొయ్యి మీద కూర మరిచిపోయింది. ముల్లు మెల్లగా పైకి లేస్తోంది. తెల్లటి పిండి తెల్లగానే ఉంది. ఈసారీ దొరకకపోతే ఇనుము వాడే గతి అని నా భయం. నిజం చెప్పాలంటే, ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో నాకూ అప్పటికి ఎంత ఆత్రం పుట్టిందంటే, బండి అమ్మినా సరే ఇది తెలిస్తే చాలు అనిపించింది!

"అదో!" అంది అమ్మాయి. "అదో మేస్తిరీ, అదో!"

పొగగొట్టం కింది నుంచి, చీమ నడిచినంత సన్నగా ఒక బూడిద రంగు గీత పుట్టింది. అది కిందికి జారలేదు. ఇంజన్ అంచు పట్టుకుని వెనక్కి, వెనక్కి పాకుతూ గేరుబాక్సు వైపు పోతోంది. మేమందరం గీత ఎక్కడికి పోతోందో చూస్తున్నాం. మేస్త్రి మాత్రం అది వచ్చిన వైపు పోయాడు. నా గడ్డం గీసుకునే అద్దం అడిగి తీసుకుని, పొగగొట్టం వెనక పెట్టి చూశాడు. లోపల నీళ్ళు తిరిగే ఇంజన్ దిమ్మెకు అక్కడ బిళ్ళలా ఒక గుండ్రటి ఇనుప మూత ఉంది. దాని మధ్యలో తుప్పు. తుప్పు మధ్యలో, వేడెక్కితే తప్ప తెరుచుకోని సూదిమొనంత కన్నం.

"ఈడ కూర్చోనుండావా నువ్వు!" అన్నాడు ఆ కన్నంతో, దాగుడుమూతల్లో దొరికిన పిల్లవాడితో అన్నట్టు. తర్వాత మాకు విడమరిచి చెప్పాడు. చదును నేల మీద ఆ చుక్క కాలిన పొగగొట్టం మీద పడి ఆవిరైపోతుంది, అందుకే షెడ్డులో కనబడలేదు. మిట్ట మీద వెనక్కి జారి తప్పించుకుంటుంది. "కారేది ఒక సోట, కనబడేది ఒక సోట. నీళ్ళు అట్లనే సేస్తాయి. మనం ఎనక్కి నడవాల."

మరుసటి రోజు షెడ్డులో పొగగొట్టం విప్పి పాత మూత తట్టి తీశాడు. తడిసిన కాగితంలా చిరిగింది. మా బోరు నీళ్ళు ఏండ్లుగా పోసిన ఫలం. కొత్తది ఇత్తడి మూత. దాన్ని చోట్లో నిలిపి సుత్తి అమ్మాయి చేతికిచ్చాడు. "నీ బండి. నువ్వే కొట్టు." మొదటి దెబ్బకు మూత వంకర పోయింది. ఆయన మారు మాట లేకుండా దాన్ని పీకి పారేసి ఇంకొకటి పెట్టాడు. రెండోది నిండుగా కూర్చుంది. సుత్తి దెబ్బ శబ్దం మారడం ఆయన కండ్లు మూసుకుని విని, "కూర్చునె" అన్నాడు. బోరు నీళ్ళు ఇక వద్దని, తుప్పు పట్టనివ్వని పచ్చటి కూలెంట్ పోయించాడు.

చెప్పిన వారం దాటిపోయాక ఇనుము కొనేవాడు వచ్చాడు. నేను నోరు తెరిచే లోపే మా ఆవిడ వాకిట్లోంచి, "మా బండి సంకటి తిని గట్టిపడిందిలేప్పా. అమ్మేది లేదు, పో" అంది. అయ్యా, ఆ మాట విని నేను ఆ వాకిట్లోనే గెంతి ఉండేవాణ్ణి, మోకాళ్ళు ఒప్పుకోలేదు గానీ! నా బిడ్డ సంచి అటక మీదే ఉండిపోయింది.

ఆ తర్వాత మేస్త్రి షెడ్డులో స్పానర్ల పక్కన ఒక ముగ్గుపిండి డబ్బా వెలిసింది. ఎక్కడ కారుతుందో తెలియని బండి వస్తే ఆయన మా అమ్మాయికి ఫోన్ చేసేవాడు. "పాపా, మదనపల్లె నించి వచ్చేటప్పుడు రవ్వంత ఆగిపో. ముగ్గు ఏసే పని ఉండాది." ఆమె ఆగేది. ఇద్దరూ వంగి చూసేవాళ్ళు. ఇప్పుడు డ్రైవర్లు నేరుగా మా మిట్టకే బండ్లు తెస్తున్నారు. "అక్కా, నీళ్ళు యాడ పోతాండాయో సూడు" అని వాళ్ళు అడుగుతుంటే, నేను అరుగు మీద కూర్చుని, వినపడనట్టు నటిస్తూ, ప్రతి మాటా వింటుంటాను.

మేస్త్రిది కుప్పం దగ్గర పల్లె. అక్కడి మన్నులోనే పెట్టాలని ఆయన భార్య కోరింది. "వేరే బండి వద్దు. పాప బండే రానీ" అంది. అమ్మాయి మదనపల్లె నుంచి ఖాళీ బండితో వచ్చి, టమోటా మరకలు పోయేలా కడిగి, గడ్డి పరిచింది. చామంతి దండలు ఎండకు వాడిపోకుండా వాటి మీద నీళ్ళు చల్లుతూ వెనక నేనూ కొందరు బంధువులూ కూర్చున్నాం. పలమనేరు దాటాం, వి.కోట దాటాం. అద్దంలోంచి చూస్తే అమ్మాయి కండ్లు రోడ్డు మీద, వేడి ముల్లు మీద, మళ్ళీ రోడ్డు మీద. ఇంజన్ శబ్దం ఒక్కటే. మేస్త్రి విని "కూర్చునె" అనే శబ్దం.

మట్టి వేసి వచ్చాక, జనానికి దారి ఇవ్వడానికి అమ్మాయి బండిని కొంచెం ముందుకు తీసింది. బండి నిలిచిన చోట ఎండిన ఎర్రమట్టి మీద ఒక తడి మచ్చ ఉంది.

అందరమూ చూశాం. ఆయన దగ్గర పని చేయించుకున్న డ్రైవర్లు చాలామంది అక్కడ ఉన్నారు, ఒక్కరూ కదల్లేదు. అమ్మాయి దిగి మోకాళ్ళ మీద కూర్చుంది. వేలితో ముట్టింది. రెండు వేళ్ళ మధ్య రుద్దింది. వాసన చూసింది.

"ఏం పాపా, కారతాండాదా?" అని అడిగింది మేస్త్రి భార్య. ఆమె ఎన్నడూ షెడ్డు గడప తొక్కిన మనిషి కాదు.

అమ్మాయి జవాబు చెప్పకుండా మచ్చ నుంచి వెనక్కి నడిచినట్టుగా చూపు పైకి తీసుకుపోయింది. బండి వెనక చెక్క సందులో ఒక చామంతి రేక అంటుకుని ఉంది. దాని కొసన చుక్క వేలాడుతోంది.

"ఇంజన్ కాదు పెద్దమ్మా. పూల నీళ్ళు."

"బాగా సూసినావా?"

"సూసినాను."

"ఆయనయ్యింటే ఇంగొకసారి సూస్తాండె."

అమ్మాయి తల ఊపింది. బండిని మళ్ళీ ముందుకు జరిపి పొడి నేల మీద నిలిపి, ఇంజన్ ఆపకుండా దిగి వచ్చి కింద కూర్చుంది. మేస్త్రి భార్య కొంగు నడుముకు చుట్టుకుని ఆమె పక్కనే చతికిలబడింది. ఇద్దరూ తలలు వంచి, ఆ బండి కింది మట్టిని, చుక్క పడుతుందా పడదా అని, చూస్తూ ఉన్నారు.